భోజనవేళ ఇన్సులిన్: ఏ రకము ఎవరికి?

(కోనసీమ గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక వైద్యుడు గావించిన ప్రసంగపు పాఠము)



పంచాయతీ సభలలో రోడ్లు, మురుగుకాలువలు, మంచినీటి చెరువులు, వీధిదీపములు చర్చకు వచ్చుట వాడుక. ఇన్సులిన్ సంగతితో పంచాయతీవారి కేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. అందులకు రెండు కారణములు చెప్పెదను.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము మన దేశమున పది కోట్లకు పైగా జనులకు మధుమేహమున్నది. పెద్దవారిలో నూటికి 11 మందికి పైబడిన లెక్క అది. మీ గ్రామమున ఏ వీధి నడచినను షుగరు వ్యాధి యున్న యిల్లు తగులకపోదు. వీరిలో చాలమంది మాత్రలతోను, ఆహార నియమముతోను ఆరోగ్యముగా నుండగలరు. కొందరికి మాత్రము ఇన్సులిన్ సూదిమందు తప్పదు. చిన్నతనముననే ఎక్కువగా కనబడు మొదటి రకపు మధుమేహమందు శరీరమున ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. ఆ బిడ్డకు అన్నము, నీరు ఎట్లో ఇన్సులిన్ అట్లు.

రెండవ కారణము గోదావరి. 2022 జూలైలో ధవళేశ్వరము ఆనకట్టవద్ద వరద 25 లక్షల క్యూసెక్కులకు మించినది. లంక గ్రామములు దినముల తరబడి నీటి నడుమ నుండినవి. రాకపోకలకు పడవయే దిక్కయినది. అట్టి సమయమున కూరగాయలు లేకున్నను పచ్చడి మెతుకులతో గడపవచ్చును. ఇన్సులిన్ వాడు వారి యింట సీసా అడుగంటినచో గడపరాదు. మొదటి రకపు వ్యాధి యున్నవారికి ఇన్సులిన్ పూర్తిగా ఆగినచో ఒకటి రెండు దినములలోనే వాంతులు, ఆయాసము పట్టుకొని ప్రాణాపాయ స్థితి యేర్పడును. ఏ యింట అట్టివారున్నారో ముందుగా తెలిసినది ఎవరు? ఆ యూరివారే గదా.

ఈ దినము నేను ప్రధానముగా చెప్పదలచినది భోజనమునకు ముందు తీసికొను, త్వరగా పనిచేయు ఇన్సులిన్లను గురించి. ఇవి కొత్త కొత్త పేర్లతో దుకాణములకు వచ్చుచున్నవి. పాత మందు పనికిరాదట, ఖరీదైనదే కొనవలెనట యని విని అప్పు చేయు కుటుంబములు కలవు. అన్నియు నొకటే యని తలచి ఒక సీసాకు బదులు మరొకటి వాడి ఆపద తెచ్చుకొనువారును కలరు. ఈ రెండు భ్రమలును తొలగవలెను.

మనము అన్నము తిన్నప్పుడు అది జీర్ణమై చక్కెరగా మారి రక్తమున చేరును. ఆరోగ్యవంతుని శరీరమందు క్లోమ గ్రంథి ఆ క్షణముననే ఇన్సులిన్ విడుదల చేసి, ఆ చక్కెరను కండరములలోనికి, కాలేయములోనికి చేర్చును. భోజనము లేని వేళలందును, రాత్రి నిద్రయందును కొద్దికొద్దిగా ఇన్సులిన్ స్రవించుచునే యుండును. కావున సూదిమందు వాడువారికి రెండు విధములైన అవసరములున్నవి. దినమంతయు నిలకడగా పనిచేయునది యొకటి, భోజనపు పోటును తట్టుకొనునది మరియొకటి. కోనసీమ భోజనము వరి అన్నము చుట్టును తిరుగునది. మధ్యాహ్నము విస్తరిలో కుప్పగా పోసిన అన్నము, పైన అరటిపండు, పండుగనాడు పరమాన్నము. ఆత్రేయపురపు పూతరేకుల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఇట్టి భోజనమునకు రక్తమందలి చక్కెర ఒక్కసారిగా ఎగబ్రాకును. దానికి సరితూగు వేగముతో ఇన్సులిన్ పనిచేయవలెను.

1921లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను వారు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారిగా దానిని ఇచ్చిరి. అంతకు ముందు ఆ వ్యాధి సోకిన పిల్లలు కొలది కాలములోనే చనిపోయెడివారు. కనుగొన్న వారు తమ హక్కులను ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి. మందు ధర చూచి దుకాణము ముందు నిలబడిపోవు తల్లిదండ్రులను చూచినప్పుడెల్ల ఆ సంగతి జ్ఞప్తికి రాక మానదు.

మొదట పశువుల క్లోమమునుండి తీసిన ఇన్సులిన్ వాడిరి. 1982నుండి, సూక్ష్మజీవులచే తయారుచేయించిన మానవ ఇన్సులిన్ విక్రయమునకు వచ్చినది. మన దేశమునను బెంగుళూరు నందలి బయోకాన్ వంటి సంస్థలు దీనిని తయారు చేయుచున్నవి. దీనిలో భోజనవేళ వాడు తేట మందును రెగ్యులర్ ఇన్సులిన్ అందురు. ప్రభుత్వ వైద్యశాలలలో త్వరగా పనిచేయు ఇన్సులిన్ అన్నచో సాధారణముగా ఇదియే.

రెగ్యులర్ ఇన్సులిన్ యొక్క లోపము ఒక్కటే, అది కొంత నెమ్మది. సీసాలో ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున ఒక కట్టగా కూడియుండును. చర్మము క్రిందికి పోయిన పిమ్మట ఆ కట్ట విడిపోయిన గాని రక్తములోనికి ప్రవేశింపజాలవు. ఆరుగురు చేతులు పట్టుకొని ఇరుకు గుమ్మము దాటలేనట్లే. అందువలన పని ఆరంభించుటకు సుమారు అరగంట పట్టును. రెండు మొదలు నాలుగు గంటలలో మిక్కిలి బలముగా నుండును. ఆరు మొదలు ఎనిమిది గంటలవరకు దాని ప్రభావము సాగును. కావున దీనిని భోజనమునకు అరగంట ముందు పొడుచుకొనవలెను. అన్నము ముందు కూర్చుండి పొడుచుకొన్నచో, చక్కెర ముందుగా పెరిగిపోవును, మందు వెనుకబడి వచ్చును. ఆ తరువాత సాయంకాలమున, కడుపు ఖాళీగా నున్న వేళ, మందు బలము మిగిలి చక్కెర పడిపోవును. మందు పనిచేయుట లేదని నిందించువారిలో కొందరు వేళ తప్పినవారే.

ఈ కట్ట త్వరగా విడిపోవునట్లు శాస్త్రజ్ఞులు అణువునందు చిన్న మార్పు చేసిరి. 1996లో అమెరికాలో అనుమతి పొందిన లిస్‌ప్రో అను ఇన్సులిన్‌లో రెండు భాగముల వరుసను తారుమారు చేసిరి. పిదప వచ్చిన ఆస్పార్ట్‌లో ఒక భాగమునకు బదులు వేరొకటి ఉంచిరి. 2004లో గ్లూలిసిన్ వచ్చినది. హ్యూమలాగ్, నోవోర్యాపిడ్, అపిడ్రా అనునవి వరుసగా వీని వ్యాపార నామములు. ఈ మూడును పది, పదునైదు నిమిషములలో పని మొదలుపెట్టి, ఒకటి రెండు గంటలలో పరాకాష్ఠ నంది, మూడు మొదలు ఐదు గంటలలో ముగియును. ఈ మూడింటిలో నేది మేలని తరచుగా అడుగుదురు. చెప్పుకొనదగినంత భేదము లేదు. దొరకునది, కొనసాగించగలిగినది తీసికొనవచ్చును. అయితే వైద్యునికి తెలుపక తమంతట తాము మార్చుకొనరాదు.

మరి పాత దానికంటె ఇవి ఎంత మేలు? ప్రపంచ పరిశోధనలను ఒకచోట చేర్చి తూకమువేయు కోక్రేన్ సంస్థవారు 2016లో మొదటి రకపు వ్యాధిగల పెద్దవారిని గూర్చి సమీక్షించిరి. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు పరీక్షలో కొత్త రకము వాడినవారికి తగ్గిన భేదము సుమారు 0.15 శాతము మాత్రమే. 2018లో రెండవ రకపు వ్యాధిని గూర్చి సమీక్షించినప్పుడు కొత్త రకమునకు స్పష్టమైన ఆధిక్యము కానరాలేదు. మీ గ్రామములలో మధుమేహమున్న పెద్దవారిలో అత్యధికులది ఈ రెండవ రకమే. కావున వేళకు అన్నము తిను, వేళకు సూది వేసికొను అరువది యేండ్ల రైతు రెగ్యులర్ ఇన్సులిన్‌తో చక్కగా నున్నయెడల, ఖరీదైన దానికి మారుటకై పొలము తాకట్టు పెట్టనక్కరలేదు. ఈ మాట నేను నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

కొత్త రకము నిజముగా ఆదుకొను సందర్భములును కలవు. పెండ్లి విందు తలచుకొనుడు. ఇదిగో వడ్డించుచున్నారని విని, రెగ్యులర్ ఇన్సులిన్ వేసికొని పెద్దమనిషి పంక్తిలో కూర్చుండును. వియ్యాలవారు రాలేదని గంట జాప్యమగును. అన్నము రాదు, మందు మాత్రము పనిచేయుచునే యుండును. చెమటలు పట్టి అతడు ఒరిగిపోవును. అదే ఆస్పార్ట్ గాని లిస్‌ప్రో గాని అయినచో, విస్తరిలో అన్నము పడిన పిమ్మట సూది వేసికొనవచ్చును. చిన్నపిల్లల విషయమున ఈ సౌకర్యము మిక్కిలి విలువైనది. నాలుగేండ్ల బిడ్డ ఎన్ని ముద్దలు తినునో తల్లికి ముందుగా తెలియదు. బిడ్డ తిన్నంత చూచి, వైద్యుని సలహాపై, భోజనమైన వెంటనే తగిన మోతాదు ఇచ్చుటకు ఈ రకములు అనుకూలించును. భోజనముల నడుమను, రాత్రివేళను చక్కెర మాటిమాటికి పడిపోవు వారికిని, వేళలు నిలకడగా లేని పనివారికిని ఇవి మేలు చేయగలవు. చేపల వేటకు పోవువాడు, కొబ్బరి దింపు పనివాడు, లారీ డ్రైవరు ఈ కోవలోనివారు. చెట్టుపై నుండగా చక్కెర పడిపోయినచో ఏమగునో వేరుగా చెప్పవలెనా?

2017లో ఇంకను వేగవంతమైన ఆస్పార్ట్ వచ్చినది. దానిలో విటమినుల జాతికి చెందిన నియాసినమైడ్ అను పదార్థమును చేర్చుటచే ఆరంభము మరి కొన్ని నిమిషములు ముందునకు జరిగినది. 2020లో లిస్‌ప్రోకును అట్టి రూపము వచ్చినది. పీల్చు పొడి రూపమందలి ఇన్సులిన్‌కు అమెరికాలో 2014లోను, మన దేశమున 2024 డిసెంబరులోను అనుమతి లభించినది. పొగత్రాగు వారికిని, ఉబ్బసమున్న వారికిని అది తగదు. పైగా దానిని వాడినను మొదటి రకపు వ్యాధిగలవారికి దినమంతయు పనిచేయు సూదిమందు తప్పదు. గ్రామీణ కుటుంబమునకు ఇవి యిప్పుడు ముఖ్యములు కావు. ఇంతకంటె విస్తరించను.

ధరలు పోల్చునప్పుడు సీసా ధర చూడవలదు, యూనిటు ధర చూడవలెను. 40 యూనిట్ల బలముగల పది మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లున్నవి. 100 యూనిట్ల బలముగల మూడు మిల్లీలీటర్ల పెన్ను గొట్టములో 300 యూనిట్లున్నవి. ఇంటిలో నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చగునో లెక్కించి, ఆ ప్రకారము పోల్చుడు. పాతదానికంటె కొత్త రకములు యూనిటుకు కొన్ని రెట్లు హెచ్చు పడును. దానికి తోడు పెన్ను సూదులు వేరు.

ఇప్పుడు చెప్పబోవు విషయమును మీరు వ్రాసికొని పోయినను మంచిదే. మన దేశమున ఇన్సులిన్ రెండు బలములలో దొరకును. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లున్నది యొకటి, 100 యూనిట్లున్నది రెండవది. ప్రభుత్వ వైద్యశాలలందును దుకాణములందును దొరకు రెగ్యులర్, మిశ్రమ ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 బలముగలవి. కొత్త రకములు సాధారణముగా 100 బలముగలవి. ఈ రెంటికిని వేర్వేరు సిరంజిలున్నవి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కు నారింజ రంగు మూత సిరంజి. 40 సిరంజితో 100 బలపు మందును లాగి, గీత చూచి 20 యూనిట్లు అనుకొన్నచో, శరీరములోనికి పోవునది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! అది ప్రాణము తీయగలదు. తలక్రిందుగా, 100 సిరంజితో 40 బలపు మందును లాగినచో, 20 అనుకొన్నది 8 యూనిట్లే యగును. చక్కెర తగ్గక, మోతాదు పెంచుకొనుచు పోయి, ఒకనాడు సరియైన సిరంజి చేతికి వచ్చినప్పుడు కూలబడుదురు. కావున మందు మారిన దినముననే సిరంజియు సరిచూడవలెను. సీసాపై అంకె, సిరంజిపై అంకె ఒకటిగా నున్నదా? చదువురాని వారికి మనుమడో మనుమరాలో చూచి చెప్పవచ్చును. బడిలో ఎనిమిదవ తరగతి పిల్లలకు ఈ లెక్క నేర్పించిన ఎంతో బాగుండును. నిష్పత్తుల పాఠమునకు ఇంతకంటె పనికివచ్చు ఉదాహరణము దొరకదు.

సీసా రంగును చూడవలెను. రెగ్యులర్ ఇన్సులినును, పైన చెప్పిన కొత్త రకములును నీటివలె తేటగా నుండును. గ్రామములలో ఎక్కువమంది వాడు 30, 70 పాళ్ల మిశ్రమము తెల్లగా, పాలు కలిపిన నీటివలె నుండును. దానిని వాడుటకు ముందు అరచేతుల నడుమ మెల్లగా దొర్లించవలెను, గట్టిగా కుదుపరాదు. అయితే తేటగా నున్నదంతయు భోజనవేళ మందే యని తలచరాదు. దినమంతయు పనిచేయు గ్లార్జిన్ అను రకమును తేటగానే యుండును. రాత్రి గ్లార్జిన్ వేసికొనవలసినవారు పొరపాటున అదే మోతాదు ఆస్పార్ట్ వేసికొని నిద్రించినచో తెల్లవారుసరికి స్పృహ యుండదు. రెండు రకములు వాడు యింట ఒకదానికి గుడ్డపీలిక కట్టి యుంచుట మంచి యుపాయము.

చక్కెర పడిపోవుటను గుర్తించుట ప్రతి పంచాయతీ సభ్యునికి తెలిసియుండవలెను. చేతులు వణకుట, చెమటలు, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు, కోపము, పిచ్చిచూపులు దాని గురుతులు. బజారులో అట్లు తూలువానిని త్రాగి యున్నాడని తరిమివేయుట జరుగుచున్నది. ముందుగా, షుగరు మందు వాడుదువా యని అడుగుడు. స్పృహయుండి మ్రింగగలిగినయెడల మూడు చెంచాల పంచదారను గాని, గ్లూకోజు పొడిని గాని నీటిలో కలిపి త్రాగింపవలెను. పదునైదు నిమిషములకు తేరుకొనకున్న మరల ఇయ్యవలెను. తేరుకొన్న పిమ్మట అన్నమో, రొట్టెయో తినిపింపవలెను. మన ప్రాంతమున కొబ్బరి బొండము కొట్టి యిచ్చుట అలవాటు. ఆ నీటిలో చక్కెర పాలు కాయకాయకు మారును గనుక, ఈ ఆపదలో పంచదారయే నమ్మకమైనది. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి కబురు చేయవలెను. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమునకో, అంతర్వేది కల్యాణమునకో మైళ్లు నడచువారు జేబులో చక్కెర పొట్లము లేక బయలుదేరరాదు. నడకవలన కండరములు చక్కెరను లాగికొని మందు బలమును ఇనుమడింపజేయును.

కార్తిక సోమవారపు ఉపవాసములు, ఏకాదశులు, రంజాను ఉపవాసములు ఉండదలచినవారు ముందుగా వైద్యుని అడుగవలెను. అన్నము లేని పూట అన్నపు ఇన్సులిన్ వేసికొనరాదు. దినమంతయు పనిచేయు మందును మాత్రము, ముఖ్యముగా మొదటి రకపు వ్యాధిగలవారు, మానరాదు. ఈ రెండును వేరని తెలియక, ఉపవాసము గదా యని సర్వమును మానిన పిల్లలు వాంతులతో ఆసుపత్రికి వచ్చుచున్నారు. జ్వరము వచ్చి అన్నము సహింపనప్పుడును ఇదియే నియమము.

ఇక దాచుట. తెరవని సీసాలు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుండవలెను. తెరచిన సీసా సుమారు 28 దినములు ఇంటిలోని చల్లని చోట నుండవచ్చును. తెరచిన తేదీని దానిపై వ్రాయవలెను. మంచుగడ్డ కట్టినది పారవేయవలసినదే. పొయ్యి ప్రక్కన, కిటికీలో, మోటారు సైకిలు పెట్టెలో ఉంచరాదు. ఫ్రిజ్ లేని యిండ్లకు మట్టికుండ ఉపాయమున్నది. పెద్ద కుండలో ఇసుక పోసి, నడుమ చిన్న కుండ నుంచి, ఇసుకను తడుపుచుండవలెను. సీసా నీట తడియకుండ ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలి కుండలో పెట్టవలెను. ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. కుండ చల్లబడుట నీరు ఆవిరి యగుటచేతనే. అనంతపురము వంటి పొడిగాలి ప్రాంతమున కుండ ఎంత చల్లబడునో, సముద్రపు తేమగాలి వీచు మన కోనసీమలో అంత చల్లబడదు. ఐనను ఎండ వేడిమినుండి కాపాడును. 2021లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, కెన్యాలోని శరణార్థుల శిబిరపు వేడిమికి సమానముగా 25 మొదలు 37 డిగ్రీల నడుమ నాలుగు వారములుంచిన ఇన్సులిన్ తన బలమును నిలుపుకొన్నదని తేలినది. కావున కరెంటు పోయినదని భయపడి సీసాలను పారవేయవలదు. మందు లేకుండ నుండుటకంటె, నీడన జాగ్రత్తపరచిన మందును వాడుట వేయి రెట్లు మేలు.

1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6వ తేదీ తుపానును మీలో పెద్దవారు చూచినవారే. తుపానునాడు కొబ్బరిచెట్లు వేలకొలది కూలినవి, వేయిమందికి పైగా ప్రజలు చనిపోయిరి. అట్టి దినములు మరల రావని ఎవరును అనజాలరు. కావున పంచాయతీ చేయగల పనులు కొన్ని మనవి చేయుచున్నాను.

ఏటేట జూన్ నెలలో, ఎర్రనీరు దిగకముందే, గ్రామమందు ఇన్సులిన్ వాడువారి జాబితాను ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం. సహాయముతో తయారు చేయింపుడు. పేరు, మందు రకము, సీసా బలము 40ా 100ా, దినమునకు ఎన్ని యూనిట్లు అను నాలుగు సంగతులు చాలును. పిల్లలును, గర్భిణులును ముందుండవలెను. లంక గ్రామములవారికి ఒక నెలకు సరిపడు మందును, సిరంజిలను వరద కాలమునకు ముందుగానే చేర్చుమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని కోరవలెను. పంచాయతీ తీర్మానము చేసి వ్రాతమూలకముగా కోరినచో ఆ కోరికకు బరువు వచ్చును. పునరావాస కేంద్రము తెరచు బడిలో, వంట సరుకులతో పాటు గ్లూకోజు పొట్లములు, చక్కెర పరీక్షించు యంత్రము, దాని పట్టీలు ఉండవలెను. అక్కడ భోజనము ఏ వేళకు వచ్చునో ఎవరును చెప్పలేరు. కావున రెగ్యులర్ ఇన్సులిన్ వాడువారికి మొదటి బంతిలోనే వడ్డింపవలెను. ఖర్చులేని పని యిది, వంటవారికి ఒక మాట చెప్పిన చాలును.

ఆ జాబితాలో ఒక చిక్కున్నది. పెండ్లి కావలసిన ఆడపిల్లకు ఈ వ్యాధి యున్నదని బయటపడుటకు తల్లిదండ్రులు జంకుదురు. పేరు వ్రాయింపరు. వరద వచ్చినప్పుడు ఆ పిల్లకే అన్నిటికంటె ఎక్కువ ఆపద. కావున జాబితాను నోటీసు బోర్డుపై అతికింపరాదు, సభలో చదువరాదు. ఎ.ఎన్.ఎం. వద్ద ఒక ప్రతి, సర్పంచి బీరువాలో మూసిన కవరున ఒక ప్రతి చాలును. పడవ నడుపువారికి వ్యాధి పేరుతో పనిలేదు, ముందుగా పోవలసిన యింటి గురుతు తెలిసిన చాలును.

వాడిన సూదుల సంగతియు మీదే. చెత్తబండిలో పడిన సూది పారిశుద్ధ్య కార్మికుని చేతికి గ్రుచ్చుకొనును. మూతగల దళసరి ప్లాస్టిక్ సీసాలో సూదులు వేసి, నిండిన పిమ్మట ఆరోగ్య కేంద్రమునకు అప్పగించునట్లు ఇంటింట చెప్పింపుడు. కాలువలో వేయుట, కొబ్బరితోటలో పాతుట కూడదు.

ఇక మీ సందేహములు అడుగుడు. సఖినేటిపల్లి రేవు వైపు, ముక్తేశ్వరము రేవు వైపు పోవలసినవారికి పంటు వేళ మించునేమో, ముందుగా వారికి అవకాశ మిచ్చెదము.